నంబర్ 32 టెలిస్కోప్ విడిభాగాలు: ఏవి కొనవచ్చు, ఏవి చేయించుకోవాలి

రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, కెనడియన్ సేనలు లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 (టి) స్నైపర్ రైఫిల్ మీద బిగించి వాడిన నంబర్ 32 టెలిస్కోప్‌ను బాగుచేసుకోదలచిన వారికి ఈ రోజు ఏయే విడిభాగాలు దొరుకుతున్నాయి, దొరికినవి ఎంతవరకు పనికి వస్తున్నాయి అన్నదే ఈ సమీక్షలోని విషయం. ఇందులో ఏ ఒక్క అంగడికీ మార్కులు వేయడం లేదు. పాత సైనిక నిల్వల్లో మిగిలిపోయిన అసలు భాగాలు, చెడిపోయిన టెలిస్కోపులను విప్పి ముక్కలుగా అమ్మేవి, ఈ కాలంలో కొత్తగా తయారు చేసి అమ్మేవి, వీటితో పాటు లెన్సులను విడదీసి మళ్లీ అతికించి ఇచ్చేవారి సేవ, ఈ నాలుగింటినీ ఒక్కొక్క భాగం విషయంలో విడివిడిగా పోల్చి చూసిన మీదట ఏర్పడిన అభిప్రాయం ఇది. ముందుగానే చెప్పాలంటే, అసలుది అన్న మాట విని డబ్బు పెట్టడం కంటే, ఆ భాగం ఏ మార్క్‌కు చెందినదో (మార్క్ అంటే మార్పులతో వచ్చిన ఒక్కో నమూనా), దాని మర (స్క్రూ చుట్టు గాడి) ఏ కొలతదో నోరు తెరిచి చెప్పగలిగిన విక్రేత దగ్గర పెట్టడం మేలు.

ఈ టెలిస్కోప్‌ను మొదట బ్రెన్ మెషిన్ గన్‌ను దృష్టిలో పెట్టుకొని రూపొందించారు. 1942లో హాలండ్ అండ్ హాలండ్ సంస్థ ఎంపిక చేసిన నంబర్ 4 రైఫిళ్లను స్నైపర్ రైఫిళ్లుగా మార్చే పని చేపట్టినప్పుడు ఇది వాటికి జత అయింది. లక్ష్యాన్ని మూడు రెట్లు పెద్దదిగా చూపుతుంది. చూపు పరిధి 9 డిగ్రీలు. గొట్టం వ్యాసం ఒక అంగుళం. ఇంగ్లండ్‌లో కెర్షా, టేలర్ టేలర్ అండ్ హాబ్సన్, విలియం వాట్సన్, హౌటన్-బుచర్ వంటి సంస్థలు, కెనడాలో టొరంటో పక్కనున్న లీసైడ్‌లోని రీసెర్చ్ ఎంటర్‌ప్రైజెస్ లిమిటెడ్ దీనిని తయారు చేశాయి. మార్పిడి చేసిన రైఫిళ్లు ఇరవై వేలకు పైబడినప్పటికీ విడిభాగాలు ఇంత అరుదుగా ఎందుకు ఉన్నాయన్న సందేహం కొత్తవారికి తప్పక కలుగుతుంది. యుద్ధంతో పాటు వీటి తయారీ ఆగిపోయింది గాని వాడకం ఆగలేదు. 1970 ప్రాంతంలో బ్రిటిష్ సైన్యం కోసం ఎల్42ఎ1 స్నైపర్ రైఫిల్‌ను సిద్ధం చేసినప్పుడు మార్క్ 3 టెలిస్కోపులనే 7.62 మి.మీ. తూటాకు సరిపడేలా సవరించి, ఎల్1ఎ1 అని కొత్త పేరు పెట్టి మళ్లీ దళాలకు ఇచ్చారు. అంటే సైనిక వర్క్‌షాపులే దశాబ్దాల పాటు తమ నిల్వలలోని మంచి భాగాలను వాడుకుంటూ వచ్చాయి. చివరికి బయటకు అమ్ముడుపోయిన వాటిలో అరిగినవి, కొలత తప్పినవి, ఎవరికీ అక్కరలేనివి ఎక్కువగా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

భాగం కొనేముందు తెలుసుకోవలసిన మొదటి సంగతి మార్క్. గొట్టం మీద ఓ.ఎస్. అనే అక్షరాలతో చెక్కిన సంఖ్యను బట్టి దీనిని సులభంగా గుర్తించవచ్చు: మార్క్ 1కు 466 ఎ, మార్క్ 2కు 1650 ఎ, మార్క్ 3కు 2039 ఎ. పైకి మూడూ ఒక్కటిగానే కనిపిస్తాయి. లోపల మాత్రం, ముఖ్యంగా దూరాన్ని, పక్కవాటును (గురి కుడి ఎడమలకు జరగడాన్ని) దిద్దే డ్రమ్ముల విషయంలో, ఒకదాని భాగం మరొకదానికి కుదురుతుందని నమ్మి కొనడానికి వీలు లేదు. విక్రేతలలో చాలామంది తమ దగ్గరున్న డ్రమ్ము గురించి నంబర్ 32ది అని మాత్రమే రాస్తారు. మార్క్ రాయని ప్రకటనను నేనైతే అక్కడితో వదిలేస్తాను. అడిగితే చెప్పేవారు ఉంటారు, అడిగినా ఫోటో తప్ప మరేమీ పంపనివారే ఎక్కువ.

డ్రమ్ముల దగ్గర కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. మార్క్ 1లో దూరపు డ్రమ్ము 50 గజాలకు ఒక క్లిక్ చొప్పున తిరుగుతుంది. తూటా దూరం పోయేకొద్దీ వేగంగా కిందికి పడుతుంది కాబట్టి, 100 నుంచి 200 గజాలకు మారడానికి కావలసిన ఎత్తు కంటే 900 నుంచి 1000 గజాలకు మారడానికి కావలసిన ఎత్తు చాలా ఎక్కువ. అందువల్ల ఈ డ్రమ్ములో క్లిక్ గాడుల మధ్య దూరం సమానంగా ఉండదు. గజాల సంఖ్య పెరిగేకొద్దీ గాడుల మధ్య ఎడం పెరుగుతుంది. పక్కవాటు డ్రమ్ములో ఒక్కో క్లిక్ రెండు నిమిషాల కోణం (నిమిషం అంటే ఇక్కడ డిగ్రీలో అరవయ్యో వంతు). మార్క్ 2 నుంచి ఈ పద్ధతిని మార్చి, రెండు డ్రమ్ములకూ నిమిషానికి ఒక క్లిక్ పెట్టారు. అంటే 100 గజాల దగ్గర ఒక క్లిక్‌కు గురి ఒక అంగుళం కంటే రవ్వంత ఎక్కువగా కదులుతుంది. కాబట్టి సమాన దూరంలో గాడులున్న మార్క్ 2, మార్క్ 3 పలకను తెచ్చి మార్క్ 1లో పెడితే, అది తిరుగుతుంది, క్లిక్‌మంటుంది, చూడటానికి బాగానే ఉంటుంది. పైనున్న గజాల అంకెకూ లోపలి కదలికకూ మాత్రం సంబంధం ఉండదు.

ఇంకొక చిక్కు ఎల్1ఎ1 డ్రమ్ముతో వస్తుంది. 7.62 మి.మీ. తూటా కోసం సవరించినప్పుడు దూరపు డ్రమ్మును మీటర్లలో మళ్లీ గుర్తించారు. ఆ డ్రమ్ము అసలైన సైనిక తయారీయే, దాని మీద ఆ కాలం నాటి నల్లరంగూ ఉంటుంది, మార్క్ 3 మీద చక్కగా కూర్చుంటుంది కూడా. నేను చూసిన ఒక అమ్మకందారు అటువంటి దానిని మార్క్ 3 డ్రమ్ము అనే పేరుతోనే పంపాడు. అంచు మీది చిన్న అక్షరాన్ని భూతద్దంతో చూస్తే తప్ప తేడా తెలియలేదు. .303 మార్క్ 7 తూటాకు గజాల లెక్కన గీసిన కొలబద్ద స్థానంలో వేరే తూటాకు మీటర్ల లెక్కన గీసినది వచ్చి కూర్చుంటే, రైఫిల్‌ను గోడకు తగిలించుకునే వారికి ఇబ్బంది లేదు, కాల్చేవారికి మాత్రం అది తప్పుడు కొలబద్దే. ప్రకటనలో ఫోటో ఉంటే అంకెల పక్కన ఏ ప్రమాణం ఉందో చూపమని విడిగా అడగడం అవసరం.

కొత్తగా చేసిన డ్రమ్ములు ఎలా ఉన్నాయి? చెక్కుడు విషయంలో అవి నిరాశపరుస్తాయి. అసలు డ్రమ్ముల మీది అంకెలు సన్నగా, అంచులు పదునుగా, లోతు ఒకేలా ఉంటాయి. కొత్తవాటిలో లేజర్‌తో కాల్చిన గీతలు పైపైన కనిపిస్తాయి, తెల్లరంగు నింపితే రుద్దిన వెంటనే లేచిపోతుంది. అయినా నా ఫిర్యాదు అందం గురించి కాదు. ఈ టెలిస్కోప్‌లో డ్రమ్ము తిప్పినప్పుడు లోపలి లీడ్ స్క్రూ తిరిగి గురిగుర్తును (చూపులో గురిని సూచించే గుర్తును) మోసే దిమ్మెను కదుపుతుంది. వస్తు కటకం నాభ్యంతరం 100 మి.మీ. అనుకుందాం, ఒక నిమిషం కోణానికి ఆ దిమ్మె కదలవలసింది 0.029 మి.మీ. మాత్రమే. లీడ్ స్క్రూకూ దాని నట్టుకూ మధ్య చేతికి తెలియనంత లూజు ఉన్నా అది ఒకటి రెండు క్లిక్కులను మింగేస్తుంది. ఒక వైపు నుంచి తిప్పి ఆపినప్పుడు, మరో వైపు నుంచి తిప్పి అదే అంకె మీద ఆపినప్పుడు గురి వేర్వేరు చోట్ల నిలుస్తుంది. కొత్త డ్రమ్ములు అమ్మేవారిలో లీడ్ స్క్రూ, నట్టులను జతగా చేసి ఇచ్చేవారు అరుదు. విడి స్క్రూ మాత్రమే ఇస్తే, అరిగిన పాత నట్టులో అది పాతదాని కంటే మెరుగ్గా ఉంటుందన్న హామీ ఏమీ లేదు. జతగా ఇచ్చేవారి సరుకు ఖరీదైనదే అయినా దానికే నా సిఫారసు.

ఇక స్క్రూలు, బిగింపు రింగులు, గ్రబ్ స్క్రూల వంటి చిన్న సామాన్ల సంగతి. వీటిలో మాత్రం కొత్తగా చేసినవే పాతవాటి కంటే నయం. బ్రిటిష్ పరికరాల్లోని సన్న స్క్రూలలో ఎక్కువ భాగం బి.ఎ. (బ్రిటిష్ అసోసియేషన్) ప్రమాణానికి చెందినవి. ఆ ప్రమాణంలో 0 సంఖ్య స్క్రూ వ్యాసం 6 మి.మీ., పిచ్ (ఒక మర చుట్టుకూ తరువాతి చుట్టుకూ మధ్య దూరం) 1 మి.మీ.; తరువాతి ప్రతి సంఖ్యకూ పిచ్ ముందుదానిలో పదింట తొమ్మిది వంతులు అవుతుంది. 6 బి.ఎ. స్క్రూ 2.8 మి.మీ. వ్యాసం, 0.53 మి.మీ. పిచ్; 8 బి.ఎ. స్క్రూ 2.2 మి.మీ. వ్యాసం, 0.43 మి.మీ. పిచ్. మర కోణం 47.5 డిగ్రీలు. నేటి మెట్రిక్ స్క్రూల కోణం 60 డిగ్రీలు. ఈ లెక్కలు అవసరం లేదనుకునేవారే 8 బి.ఎ. రంధ్రంలో దగ్గరగా ఉందని మెట్రిక్ స్క్రూను తోలుతారు. అది రెండు మూడు చుట్లు హాయిగా వెళుతుంది, తరువాత బిగుసుకుంటుంది, ఇంకొంచెం బలం పెడితే పాత మరను కోసుకుంటూ లోపలికి దిగుతుంది. ఇలా పాడైన రంధ్రాలు ఉన్న టెలిస్కోపులు ఎన్నో అమ్మకానికి వస్తున్నాయి. పాత గడియారాలు, నమూనా ఆవిరి యంత్రాలు బాగుచేసేవారి కోసం బి.ఎ. స్క్రూలు, మర కోసే ట్యాపులు, డైలు ఇప్పటికీ తయారవుతూనే ఉన్నాయి. అందువల్ల టెలిస్కోప్ పేరు తగిలించి రెట్టింపు ధరకు అమ్మే ప్యాకెట్ల జోలికి పోకుండా, సాధారణ ఇంజనీరింగ్ సరఫరాదారుల దగ్గర సంఖ్య చెప్పి కొనుక్కోవడం తెలివైన పని. తల ఆకారం పాతదానిలా ఉండాలనుకుంటే లేత్ మీద రెండు నిమిషాల్లో తరుగుకోవచ్చు. అసలు పాత స్క్రూల విషయానికొస్తే, వాటి గాడి తరచుగా స్క్రూడ్రైవర్ జారి చెడిపోయి ఉంటుంది; అటువంటి దానికి చారిత్రక విలువ పేరుతో డబ్బు పెట్టడం నాకు సమంజసంగా తోచలేదు.

లెన్సుల విషయంలో నా అభిప్రాయం చాలామంది సేకర్తల అభిప్రాయానికి ఎదురుగా ఉంటుంది. టెలిస్కోప్‌లో చూస్తే మసకగా ఉంది, పసుపుగా ఉంది, అంచున నీటి మీది నూనెపొరలా రంగులు కనిపిస్తున్నాయి అనగానే చాలామంది అసలు లెన్సు కోసం వెతకడం మొదలుపెడతారు. దొరికేది మరొక టెలిస్కోప్ నుంచి తీసినదే, దానికీ అంతే వయసు, అందులోనూ అదే జబ్బు రేపో మాపో బయటపడుతుంది. ఈ లెన్సులలో కొన్ని రెండు గాజు ముక్కలను కెనడా బాల్సమ్‌తో అతికించి చేసినవి. బాల్సమ్ ఫర్ చెట్టు నుంచి తీసే ఆ జిగురు వక్రీభవన గుణకం గాజుకు దగ్గరగా ఉండటం వల్ల అతుకు కనిపించదు. కాలక్రమంలో అది పసుపెక్కుతుంది, అంచు నుంచి లోపలికి విడిపోతుంది. గాజు మాత్రం చెడదు. అందువల్ల కొత్త లెన్సు అక్కరలేదు, అతుకును విప్పి మళ్లీ వేస్తే చాలు.

ఈ పని చేసి ఇచ్చే వారిని ఎంచుకునేటప్పుడు వారు ఏ పద్ధతి పాటిస్తారో అడగాలి. మంచి పనివాడు విడదీయకముందే రెండు గాజు ముక్కల అంచు మీద అడ్డంగా పెన్సిల్‌తో ఒక వి ఆకారపు గుర్తు పెడతాడు. ఆ తరువాత వేడిని మెల్లమెల్లగా పెంచి గాని, జైలీన్ వంటి ద్రావణంలో నానబెట్టి గాని బాల్సమ్‌ను కరిగిస్తాడు. తొందరపడి వేడి నీళ్లలో ముంచితే గాజు పగులుతుంది, ఆ తరువాత ఏ జిగురూ దానిని అతికించదు. మళ్లీ అతికేటప్పుడు పాత బాల్సమ్‌నే వాడేవారు కొందరు, నార్లాండ్ 61 వంటి అతినీలలోహిత కాంతితో గట్టిపడే జిగురు వాడేవారు కొందరు. నేను చూసినంతలో రెండవ రకం శుభ్రంగా, దృఢంగా నిలుస్తుంది. వాడే టెలిస్కోప్‌కు అదే తగినది. ఎన్నడూ బిగించని ప్రదర్శన వస్తువుకు బాల్సమ్ వాడాలనుకునే వారి పట్టుదలను కూడా నేను తప్పు పట్టను, భవిష్యత్తులో విప్పడం దానితో తేలిక. ఒక్క హెచ్చరిక మాత్రం చేయాలి: యుద్ధం చివరి కాలపు కొన్ని లెన్సులకు ప్రతిఫలనం తగ్గించే పలుచని పూత ఉంటుంది, అది నేటి పూతలంత గట్టిది కాదు. ఆ పూతను మెరుగు పెట్టి తీసేసి, కొత్తదానిలా మెరుస్తోందని చూపించే సేవలు కూడా ఉన్నాయి. అటువంటివారికి లెన్సు ఇవ్వకండి.

గురిగుర్తు చెడిపోయినప్పుడు పరిస్థితి అంత దిగులు పడవలసినది కాదు. కింది నుంచి పైకి లేచే మొనదేలిన ఒక స్తంభం, దానికి అడ్డంగా ఒక సన్నని తీగ, ఇంతే దాని నిర్మాణం. తీగ తెగిపోవడం మామూలు, స్తంభం వంగిపోవడం అరుదు. పాత కాలంలో కొలత పరికరాలకు సాలెపురుగు దారాన్ని కూడా వాడేవారు గనుక, ఈ పని చేతితో చేయగలిగినదే అన్న సంగతి కొత్తది కాదు. నేడు సన్నని టంగ్‌స్టన్ తీగతో మళ్లీ కట్టించుకోవచ్చు. అసలు గురిగుర్తు దిమ్మె కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడటం కంటే ఉన్న దిమ్మెనే మళ్లీ కట్టించుకోవడం మంచిది, ఎందుకంటే ఆ దిమ్మె ఆ గొట్టంలో జారే పలకలకు సరిపోయేలా అరగదీసి అమర్చినది. బయటి నుంచి వచ్చినది బిగువుగా ఇరుక్కుంటుంది, లేదా లూజుగా ఊగుతుంది. ఒకే మార్క్ అయినా వేర్వేరు తయారీదారుల దిమ్మెలను మార్చి పెడితే చేతిపని లేకుండా కుదరడం అదృష్టమే. తీగ కొత్తగా వేసిన తరువాత అది మొద్దుగా కనిపిస్తే పనివాడు అవసరానికి మించిన లావు తీగ వాడాడన్నమాట. లక్ష్యాన్ని మూడు రెట్లు మాత్రమే పెద్దది చేసే టెలిస్కోప్‌లో లావు తీగ దూరపు లక్ష్యాన్ని పూర్తిగా కప్పేస్తుంది, కాబట్టి ముందుగానే పాత తీగ ముక్కను కొలతకు పంపడం మంచిది.

ఈ టెలిస్కోప్‌లో డ్రమ్ము తిప్పితే గురిగుర్తే చూపు మధ్య నుంచి పక్కకు జరుగుతుంది, నేటి టెలిస్కోపుల్లో మాదిరిగా ఎప్పుడూ నడుమనే ఉండదు. ఇది తెలియక, మరమ్మతు నుంచి తిరిగి వచ్చిన టెలిస్కోప్‌లో స్తంభం పక్కకు ఉందని పనివాడిని నిందించేవారు ఉన్నారు. రైఫిల్ మీద గురి కుదిర్చి సున్నా దిద్దిన తరువాత కూడా అది మరీ పక్కకు పోయి, పక్కవాటు డ్రమ్ము ఇరువైపులా ఉన్న 16 నిమిషాల కొలబద్దలో ఒక అంచుకు చేరిందంటే దోషం టెలిస్కోప్‌ది కాకపోవచ్చు, దానిని మోసే బ్రాకెట్‌దో, రైఫిల్ పక్కన బిగించిన ప్యాడ్లదో అయి ఉంటుంది.

అందుకే బ్రాకెట్ విషయంలో నా సలహా కఠినంగా ఉంటుంది. పోతపోసిన ఈ బ్రాకెట్‌ను రైఫిల్ పక్కన ముందు, వెనుక ప్యాడ్లకు రెండు పెద్ద బొటనవేలి స్క్రూలతో బిగిస్తారు. ప్రతి బ్రాకెట్‌నూ దాని రైఫిల్‌కు చేతితో సరిచేసి, రైఫిల్ సంఖ్యను దాని మీద కొట్టేవారు; గొట్టాన్ని పట్టి ఉంచే రెండు మూతలు కూడా ఆయా బ్రాకెట్‌తో కలిపి తొలచినవే. టెలిస్కోప్ సంఖ్యను రైఫిల్ కర్ర మీద కొట్టడం కూడా అప్పటి పద్ధతి. బ్రాకెట్ పోయిందని మరొక అసలు బ్రాకెట్ తెస్తే, అది మరెవరి రైఫిల్ కోసమో అరగదీసి సరిచేసినది. మూత ఒక్కటే కొంటే రంధ్రం గుండ్రంగా ఉండదు, గొట్టాన్ని నొక్కి చదునుచేస్తుంది. ఇప్పుడు కొత్తగా పోతపోసి అమ్మే బ్రాకెట్లలో మూతను, కింది భాగాన్ని కలిపి తొలిచి, ప్యాడ్లను తాకే ముఖాలను కొంచెం లావుగా వదిలిపెట్టి, కొనేవాడే అరగదీసి సరిచేసుకోవాలని స్పష్టంగా చెప్పి అమ్మే రకం ఒకటి ఉంది. నాకు తెలిసినంతలో అదే నిజాయితీగా చేసిన సరుకు. ఏ రైఫిల్ మీదైనా నేరుగా బిగుస్తుందని ప్రకటించేవి, ఆ మాటలోనే తమ లోపాన్ని చెప్పుకుంటున్నాయి. అటువంటివాటిలో ఒకదాన్ని బిగించి చూసినప్పుడు వెనుక ప్యాడ్ దగ్గర పలుచని కాగితం దూరేంత ఖాళీ కనిపించింది. బొటనవేలి స్క్రూను బిగిస్తే ఖాళీ పోయింది గాని, బ్రాకెట్ వంగి ఆ ఒత్తిడి అంతా గొట్టం మీద పడింది. బొటనవేలి స్క్రూలు విడిగా కావలసినవారికి కొత్తవి ఫరవాలేదు, వాటి మీది గరుకు అంచు కొంచెం ముతకగా ఉండటం తప్ప లోపమేమీ లేదు.

విప్పి అమ్మే టెలిస్కోపుల గురించి మనసులోని మాట చెబుతాను. ఒకటి కొని, దానిలోని భాగాలతో మరొకదానిని నిలబెట్టడం లెక్క ప్రకారం చవకగా కనిపిస్తుంది. అమ్మకందారులకైతే మొత్తం టెలిస్కోప్ కంటే ముక్కల మొత్తం ధర ఎక్కువ పలుకుతుంది కాబట్టి, బాగుచేయదగినవాటిని కూడా విప్పేస్తున్నారు. కెనడా తయారీ టెలిస్కోప్‌ను దాని సంఖ్య చివరనున్న సి అక్షరంతో గుర్తుపట్టవచ్చు. అటువంటి గొట్టం ఒంటరిగా, లోపల ఏమీ లేకుండా అమ్మకానికి వచ్చినప్పుడు, దానిలోని భాగాలు ఏయే బ్రిటిష్ గొట్టాలలోకి చేరాయో ఎవరికీ తెలియదు. గొట్టం వంగిపోయి, లోపలికి తుప్పు దిగి, నిజంగానే పనికిరాని దానిని దాతగా వాడుకోవడంలో అభ్యంతరం లేదు. చూపు మసకబారిందన్న ఒక్క కారణంతో ఒకదానిని విప్పి ముక్కలు చేసే అంగళ్ల దగ్గర నేను కొనను, కొనమని చెప్పను.

అదనపు సామాను గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. తోలు లెన్సు మూతలు, టెలిస్కోప్‌ను దాచే నంబర్ 8 రేకు డబ్బా, రైఫిల్‌తో సహా అన్నీ పెట్టే నంబర్ 15 చెక్క పెట్టె వంటివాటికి కొత్తగా చేసినవి బాగానే ఉన్నాయి, వాడకానికి వాటితో ఇబ్బంది లేదు. తోలు మూతలలో కుట్టు దారం నైలాన్‌దైతే కొత్తదని వెంటనే తెలిసిపోతుంది. అది నాకు దోషం కాదు, దానినే పాతదని అమ్మితే దోషం.

వేరే సైన్యాల సైట్లతో పోలిస్తే నంబర్ 32 యజమానుల కష్టం మధ్యస్థంగా ఉందనాలి. సోవియట్ పి.యు. టెలిస్కోప్‌కు, అంటే మోసిన్ 91/30 రైఫిల్ మీద వాడిన మూడున్నర రెట్ల దానికి, భాగాలు కొంత తేలికగానే దొరుకుతున్నాయి. అక్కడ సమస్యంతా పక్కనుండే బిగింపు దిమ్మెను సరిగా అరగదీసి అమర్చడంలోనే. జర్మన్ జెడ్ఎఫ్ 41 కథ వేరు. ఒకటిన్నర రెట్లు మాత్రమే పెద్దది చేసే ఆ చిన్న సైట్‌కు తయారీ సంకేతాలే తలనొప్పి: సిఎక్స్ఎన్ అంటే రాటెనోలోని ఎమిల్ బుష్, డిడిఎక్స్ అంటే బ్రౌన్‌ష్వైగ్‌లోని ఫోక్ట్‌లెండర్. సంకేతం సరిపోయిన మూత కోసం, వాన కవచం కోసం సేకర్తలు చెల్లించే ధరలు ఆప్టికల్ విలువతో ఏ సంబంధమూ లేనివి. ఆ ధరలకు ఆశపడి నకిలీ సంకేతాలు కొట్టే పరిశ్రమ కూడా పెరిగింది, కాబట్టి అక్కడ కొత్తగా చేసిన భాగాన్ని కొత్తదని చెప్పి అమ్మేవాడు కనిపిస్తే విడిచిపెట్టవద్దు.

టెలిస్కోప్ లేని ఇనుప సైట్లలో కూడా ఇటువంటి కరువే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు ఎస్.ఎం.ఎల్.ఇ. (పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్) మార్క్ 3 రైఫిల్ ఎడమ పక్కన, వేయి గజాలకు పైగా దూరంలోని గుంపుల మీద అందరూ ఒకేసారి కాల్చడానికి ఉద్దేశించిన వాలీ సైట్ ఉండేది. 1916లో మార్క్ 3 స్టార్ వచ్చినప్పుడు తయారీ త్వరగా సాగాలని దానిని తీసివేశారు. అందువల్ల పూర్తి రూపంలో మిగిలిన డయలు, ముల్లు, వెనుక చూపుచేయి మూడూ అరుదైనవే. డయలుకు నేడు పోతపోసిన నకళ్లు దొరుకుతున్నాయి. అసలు దానిలో అంకెల అంచులు కొట్టినట్టు స్పష్టంగా ఉంటే, నకలులో అంకెల మూలలు గుండ్రబడి, మధ్యలో ఇసుక గుంటలు కనిపిస్తాయి. ముల్లును పట్టి ఉంచే స్ప్రింగు వాషర్ మాత్రం నకళ్లలో చాలావరకు మెత్తగా ఉంటుంది, కొన్ని సార్లు తిప్పేసరికి పట్టు పోతుంది. దాన్ని స్ప్రింగు ఉక్కుతో విడిగా చేయించుకుంటే మిగిలిన నకలు ప్రదర్శనకు సరిపోతుంది.

కొనుగోలు షరతుల దగ్గరకు వస్తే, అరుదైన భాగం పేరుతో తిరిగి తీసుకోబోమని ముందే రాసిపెట్టే విక్రేతలే ఎక్కువ. పాత వస్తువులకు ఆ షరతు కొంతవరకు అర్థం చేసుకోదగినదే, ఎందుకంటే కొన్నవాడు స్క్రూడ్రైవర్‌తో గీకి తిరిగి పంపితే వారు నష్టపోతారు. కొత్తగా తయారు చేసిన భాగానికి మాత్రం ఆ షరతు అన్యాయం. కొలత తప్పితే అది తయారీ లోపమే. కాబట్టి ఆర్డర్ ఇచ్చేముందు మర ప్రమాణం, వ్యాసం, ఏ మార్క్ టెలిస్కోప్ మీద సరిచూశారు అన్న మూడు సంగతులు రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. అవి రాసి ఇచ్చినవారు తిరిగి తీసుకోవడంలోనూ పేచీ పెట్టడం నేను చూడలేదు. వేరే దేశం నుంచి తెప్పించేటప్పుడు సైట్ల రవాణాకు అక్కడి, ఇక్కడి నిబంధనలు వేరుగా ఉంటాయి గనుక, విడిభాగమే కదా అనుకోకుండా ముందే విచారించాలి. ఇక కొత్త భాగాన్ని అమర్చిన తరువాత, బయటికి కనిపించని లోపలి ముఖం మీద సన్నగా సంవత్సరాన్ని చెక్కించుకోవడం మంచిది. రేపు దానిని విప్పబోయేవారికి ఏది 1944 నాటిదో, ఏది మనం పెట్టినదో వెతుక్కునే పని ఉండదు, పైగా కొత్త లీడ్ స్క్రూ ఎన్ని సంవత్సరాలలో ఎంత అరిగిందో కొలిచి చూసుకోవడానికి కూడా అదే ఆధారం అవుతుంది.